మనిషి మెదడులో ప్లాస్టిసిటీని టీఎంఎస్‌తో కొలవడం ఎలా

నాడీకణాల మధ్య సంధానాల బలం వాడకాన్నిబట్టి మారుతూ ఉంటుంది. కొత్త పని నేర్చుకున్నప్పుడైనా, పక్షవాతం వచ్చిన చెయ్యి నెమ్మదిగా మళ్లీ కదలడం మొదలుపెట్టినప్పుడైనా లోపల జరిగేది ప్రధానంగా ఈ మార్పే. దీన్నే ప్లాస్టిసిటీ అంటారు. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ల హిప్పోకాంపస్‌ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం)లో వేగవంతమైన విద్యుత్ ఉద్దీపన ఇచ్చి, ఆ తర్వాత సినాప్సుల (నాడీకణాల మధ్య సంధానాల) బలం గంటల తరబడి పెరిగి ఉండటాన్ని నమోదు చేశారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడులోకి అలా ఎలక్ట్రోడ్లు దింపే వీలు లేదు కాబట్టి పుర్రె బయటి నుంచే పని జరగాలి. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్, ఆయన సహచరులు తలపై ఉంచిన తీగచుట్ట (కాయిల్) లోంచి క్షణకాలం బలమైన విద్యుత్తు పంపి, దాని అయస్కాంత క్షేత్రంతో మెదడును ఉద్దీపింపజేసి, చేతి కండరాలు కదిలేలా చేశారు. ఆ పద్ధతే ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్.

ఈ పద్ధతితో మొదటిసారి ప్లాస్టిసిటీ అధ్యయనం చేయబోతున్న పరిశోధక విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో ఉద్దీపన ఇవ్వడం తేలికైన భాగం, కొన్ని పద్ధతుల్లో అది 40 సెకన్లలో అయిపోతుంది. దానికి ముందు, తర్వాత మీరు తీసే కొలత నిలకడగా ఉండేలా చూడటమే అసలు పని. కొలత తనంతట తాను ఎంత ఊగుతుందో తెలియకపోతే, ఉద్దీపన వల్ల ఎంత మారిందో చెప్పలేరు. కింది మెట్లలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: ఏం కొలుస్తున్నారో నిర్ణయించుకోవడం

మొదటి అధ్యయనానికి కదలికలను నడిపే మెదడు పైపొర భాగమైన మోటార్ కార్టెక్స్‌లో చేతి ప్రాంతాన్ని ఎంచుకోండి. ఆ ప్రాంతంపై ఒక్క టీఎంఎస్ పల్స్ ఇస్తే, సంకేతం వెన్నుపాము మీదుగా దిగి సుమారు 20 నుంచి 25 మిల్లీసెకన్లలో చేతి కండరంలో విద్యుత్ స్పందనగా కనబడుతుంది. దీన్ని మోటార్ ఎవోక్డ్ పొటెన్షియల్, అంటే ఎంఈపీ, అంటారు. అదే బలంతో ఇచ్చిన పల్స్‌కు ఎంఈపీ మునుపటికంటే పెద్దదైతే ఆ మార్గం ఉత్తేజ్యత, అంటే స్పందించే సులువు, పెరిగిందని, చిన్నదైతే తగ్గిందని అర్థం. మెదడులోని మరే ప్రాంతమూ ఇంత తేలిగ్గా, ఇంత నేరుగా జవాబు చెప్పదు.

అయితే ఎంఈపీ కార్టెక్స్ ఒక్కదాని జవాబు కాదని గుర్తుంచుకోవాలి. కార్టెక్స్‌లోని మధ్యవర్తి నాడీకణాలు, వెన్నుపాములోని మోటార్ నాడీకణాలు, కండరం, ఇవన్నీ కలిసి ఇచ్చే మొత్తం అది. మార్పు కార్టెక్స్‌లోనే జరిగిందని మీరు వాదించదలిస్తే వెన్నుపాము మారలేదని చూపడానికి ఎఫ్-తరంగాల (చేతి నాడికి ఉద్దీపన ఇస్తే వెన్నుపాము నుంచి కండరానికి తిరిగి వచ్చే స్పందనల) వంటి కొలతను ముందే ప్రణాళికలో పెట్టుకోండి. కార్టెక్స్‌లోపలి నిరోధక వలయాల సంగతి తెలుసుకోవాలంటే, 1993లో కుజిరాయ్, ఆయన సహచరులు వర్ణించిన జంట పల్స్ పద్ధతి ఉంది: థ్రెషోల్డ్‌కు (స్పందన రావడానికి కావలసిన కనీస బలానికి) తక్కువ బలంతో ఒక పల్స్, తర్వాత 1 నుంచి 6 మిల్లీసెకన్ల లోపు థ్రెషోల్డ్‌కు మించిన మరో పల్స్ ఇస్తే రెండో పల్స్‌కు వచ్చే ఎంఈపీ చిన్నదవుతుంది. ఆ వ్యవధిని 10 నుంచి 15 మిల్లీసెకన్లకు పెంచితే పెద్దదవుతుంది.

రాసేటప్పుడు కూడా మాట జాగ్రత్త. మీరు చూసినది ఎల్‌టీపీ (బ్లిస్, లోమో చూసినట్టు సినాప్సుల బలం చాలాసేపు పెరిగి ఉండటం) కాదు, ఎల్‌టీపీ తరహా మార్పు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్, మెమాంటిన్ వంటి, సినాప్సుల మార్పుకు అవసరమైన ఎన్ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే మందులు ఇచ్చినప్పుడు ఈ ప్రభావాలు కనిపించకపోవడం సినాప్స్ మార్పు వైపు బలంగా చూపిస్తుంది. అయినా పుర్రె బయటి నుంచి ఒక్క సినాప్స్‌నూ మనం చూడటం లేదు.

రెండో మెట్టు: అనుమతి, భద్రత

నైతిక సంఘం అనుమతి, పాల్గొనే వ్యక్తి రాతపూర్వక అంగీకారం, శిక్షణ పొందిన వ్యక్తి పర్యవేక్షణ లేకుండా ఒక్క పల్స్ కూడా ఇవ్వకూడదు. టీఎంఎస్ భద్రతపై 2009లో వచ్చి, 2021లో సవరించబడిన అంతర్జాతీయ మార్గదర్శకాలను పూర్తిగా చదవండి. ఉద్దీపన బలం, వేగం, వ్యవధి విషయంలో వాటిలోని హద్దులు దాటకండి.

ప్రతి వ్యక్తినీ ముందుగా ప్రశ్నావళితో వడపోయాలి. తలలో లోహపు ముక్కలు, క్లిప్పులు ఉన్నవారిని, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారిని, పేస్‌మేకర్ వంటి పరికరాలు అమర్చినవారిని, మూర్ఛ (ఫిట్స్) చరిత్ర ఉన్నవారిని ఇలాంటి అధ్యయనాల్లో చేర్చుకోరు. మూర్ఛ థ్రెషోల్డ్‌ను తగ్గించే మందులు, ముందురోజు రాత్రి నిద్రలేమి, మద్యం, గర్భం గురించి కూడా అడగాలి. ఇవి మొదటి రోజు ఒక్కసారి అడిగి వదిలేసే ప్రశ్నలు కావు. నిద్ర, మందుల సంగతి ప్రతి సెషన్‌కూ ముందు మళ్లీ అడగండి. కాయిల్ ప్రతి పల్స్‌కూ పెద్దగా టక్కుమంటుంది కాబట్టి చెవులకు ప్లగ్గులు తప్పనిసరి, పాల్గొనేవారికీ మీకూ.

మూర్ఛ చాలా అరుదు. అంతకంటే తరచుగా జరిగేది సొమ్మసిల్లడం, ముఖ్యంగా మొదటిసారి వచ్చినవారిలో. ముఖం పాలిపోవడం, చెమట పట్టడం, మాట తగ్గిపోవడం కనిపించగానే ఆపేసి, కుర్చీ వెనక్కి వాల్చి కాళ్లు ఎత్తిపెట్టండి. వెనక్కి వాలని కుర్చీని ఈ పనికి వాడవద్దు.

మూడో మెట్టు: పద్ధతిని ఎంచుకోవడం

ప్లాస్టిసిటీని రేకెత్తించే దారులు ముఖ్యంగా నాలుగు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు సరిపోతుంది.

పాతది, సరళమైనది నెమ్మది పల్సుల వరుస. సెకనుకు ఒకటి చొప్పున 15 నిమిషాలపాటు ఇస్తే సాధారణంగా ఉత్తేజ్యత తగ్గుతుంది. 5 హెర్ట్జ్, అంతకు మించిన వేగాలు పెంచే వైపు మొగ్గుతాయి.

రెండోది థీటా బర్స్ట్. 2005లో లండన్‌లో యింగ్-జూ హువాంగ్, జాన్ రాత్‌వెల్ బృందం వర్ణించింది. 50 హెర్ట్జ్ వేగంతో మూడు పల్సుల గుత్తి ఒకటి, అలాంటి గుత్తి ప్రతి 200 మిల్లీసెకన్లకు ఒకటి. ఆపకుండా 40 సెకన్లలో 600 పల్సులు ఇస్తే అది సీటీబీఎస్, దాని ప్రభావం తగ్గుదల. 2 సెకన్లు ఇచ్చి 8 సెకన్లు ఆపుతూ సుమారు 190 సెకన్లలో అవే 600 పల్సులు ఇస్తే అది ఐటీబీఎస్, దాని ప్రభావం పెరుగుదల. పల్సుల సంఖ్య ఒకటే, మధ్య విరామాలే ఫలితం దిశను మార్చడం నాకు ఇప్పటికీ ఈ రంగంలోని అందమైన విషయాల్లో ఒకటి.

మూడోది పెయిర్డ్ అసోసియేటివ్ స్టిమ్యులేషన్, పీఏఎస్. 2000లో కాట్యా స్టెఫాన్, జోసెఫ్ క్లాసెన్ బృందం ప్రచురించింది. మణికట్టు దగ్గర మీడియన్ నాడికి విద్యుత్ ఉద్దీపన ఇచ్చి, 25 మిల్లీసెకన్ల తర్వాత మోటార్ కార్టెక్స్‌పై టీఎంఎస్ పల్స్ ఇస్తారు. ప్రతి 20 సెకన్లకు ఒక జంట చొప్పున అరగంటలో 90 జంటలు. మణికట్టు నుంచి బయలుదేరిన సంకేతం కార్టెక్స్‌ను చేరిన వెంటనే పల్స్ పడుతుంది కాబట్టి బొటనవేలి మొదట్లోని కండరం ఎంఈపీ పెరుగుతుంది. అదే వ్యవధిని 10 మిల్లీసెకన్లు చేస్తే సంకేతం చేరకముందే పల్స్ పడి, ఎంఈపీ తగ్గుతుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నదానిపై సినాప్స్ బలం ఆధారపడుతుందన్న సూత్రాన్ని పరీక్షించాలనుకుంటే ఇంతకంటే సూటి పద్ధతి లేదు.

నాలుగోది టీడీసీఎస్. ఇది అయస్కాంతంతో కాదు, నెత్తి మీద రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి బలహీనమైన ఏకముఖ విద్యుత్తు పంపడంతో పనిచేస్తుంది. 2000లో గాటింగెన్‌లో మైఖేల్ నిట్షే, వాల్టర్ పౌలస్ 35 చదరపు సెంటీమీటర్ల ఎలక్ట్రోడ్లతో 1 మిల్లీయాంపియర్ విద్యుత్తు వాడి, ఆనోడ్ మోటార్ కార్టెక్స్‌పై ఉంటే ఉత్తేజ్యత పెరగడం, కాథోడ్ ఉంటే తగ్గడం చూపారు. టీఎంఎస్‌లా ఇది నాడీకణాలు నేరుగా సంకేతం పంపేలా చేయదు, వాటి పొర విభవాన్ని (పొరకు లోపలికీ బయటికీ మధ్య ఉండే విద్యుత్ తేడాను) కొద్దిగా అటో ఇటో జరుపుతుంది. మోతాదు పెంచితే ప్రభావం పెరుగుతుందని అనుకోకండి. 2 మిల్లీయాంపియర్ల కాథోడ్ ఉద్దీపనను 20 నిమిషాలు ఇచ్చినప్పుడు తగ్గాల్సిన ఉత్తేజ్యత పెరిగినట్టు 2013లో అదే నగరం నుంచి ఫలితం వచ్చింది.

నాలుగో మెట్టు: ఎలక్ట్రోడ్లు, హాట్‌స్పాట్

చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య, చెయ్యి వెనుకవైపు ఉబ్బుగా కనిపించే ఎఫ్‌డీఐ కండరం కొత్తవారికి అనువైనది. పీఏఎస్ చేస్తుంటే మాత్రం మీడియన్ నాడి పరిధిలోని బొటనవేలి కండరం తీసుకోవాలి. చర్మాన్ని బాగా రుద్ది శుభ్రం చేసి, ఒక ఎలక్ట్రోడ్ కండరం బొడిపె మీద, మరొకటి దగ్గరి కీలు ఎముక మీద, గ్రౌండ్ ముంజేతి మీద అతికించండి. ఈఎంజీని (కండరపు విద్యుత్ సంకేతాన్ని) సెకనుకు 5000 నమూనాల చొప్పున నమోదు చేయండి. చెయ్యి పూర్తిగా వదులుగా ఉన్నప్పుడు తెరపై గీత చదునుగా కనిపించాలి. కనిపించకపోతే ముందుకు వెళ్లకండి, ఎలక్ట్రోడ్లు తీసి మళ్లీ పెట్టండి.

ఇప్పుడు ఎనిమిది అంకె ఆకారపు కాయిల్‌ను తలపై పెట్టండి. నడినెత్తి నుంచి పక్కకు సుమారు 5 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, కాయిల్ పిడి వెనక్కి, పక్కకు, తల మధ్యరేఖకు 45 డిగ్రీల కోణంలో ఉండేలా పట్టుకోండి. మెదడులో ప్రవాహం వెనుక నుంచి ముందుకు సాగేలా ఉంటే ఈ కోణంలో తక్కువ బలానికే స్పందన వస్తుంది. ఒక్కొక్క పల్స్ ఇస్తూ, సెంటీమీటరులో సగం చొప్పున ముందుకు, వెనక్కి, పక్కకు జరపండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత ఒక చోట చూపుడువేలు ఒక్కసారి పక్కకు ఎగురుతుంది, తెరపై చదును గీతలో ఒక అల లేస్తుంది. ఇంకొంచెం జరిపితే అల పెరుగుతుంది, మరికొంత జరిపితే కుంగిపోతుంది. అది నిలకడగా, అన్నిటికంటే పెద్దగా వచ్చే చోటే హాట్‌స్పాట్. దానిని టోపీ మీద కాయిల్ అంచుల వెంట గీసి గుర్తుపెట్టండి. న్యూరోనావిగేషన్ (కాయిల్ తలపై ఎక్కడుందో చూపే వ్యవస్థ) ఉంటే అందులో భద్రపరచండి. నావిగేషన్ లేకుండా పని జరగదని కాదు. కానీ సెషన్ గడిచేకొద్దీ చెయ్యి అలసి, కాయిల్ ఒక రెక్క తలనుంచి కాగితం మందమంత లేవడం మీకు తెలియదు, ఎంఈపీకి తెలుస్తుంది.

థ్రెషోల్డ్ లెక్క ఇలా ఉంటుంది: కండరం వదులుగా ఉన్నప్పుడు 10 పల్సులలో కనీసం 5 సార్లు 50 మైక్రోవోల్టులకు తగ్గని ఎంఈపీ ఇచ్చే అతి తక్కువ బలం విశ్రాంతి థ్రెషోల్డ్. కండరాన్ని గరిష్ఠ బలంలో పదోవంతుకు బిగించి ఉంచినప్పుడు 10లో 5 సార్లు సుమారు 200 మైక్రోవోల్టులు ఇచ్చే బలం క్రియాశీల థ్రెషోల్డ్. థీటా బర్స్ట్ బలాన్ని సాధారణంగా క్రియాశీల థ్రెషోల్డ్‌లో 80 శాతంగా పెడతారు. ఏ యంత్రంతో, ఏ కాయిల్‌తో థీటా బర్స్ట్ ఇవ్వబోతున్నారో దానితోనే ఆ థ్రెషోల్డ్ తీయాలి. ఒంటి పల్సుల యంత్రం ఏకదశ తరంగాన్ని, థీటా బర్స్ట్ యంత్రం ద్విదశ తరంగాన్ని ఇస్తాయి. ఒకదాని అంకె మరొకదానికి చెల్లదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్రియాశీల థ్రెషోల్డ్ తీయాలంటే కండరాన్ని బిగించాలి, బిగింపు కూడా మెదడును మారుస్తుంది. 20 సెకన్ల చిన్న సీటీబీఎస్‌కు ముందు కండరాన్ని బిగించారా లేదా అన్నదానిపై ఫలితం దిశే తారుమారైనట్టు 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. అందుచేత బిగింపు ఎంతసేపు, ఉద్దీపనకు ఎన్ని నిమిషాల ముందు అన్నది అందరికీ ఒకేలా ఉంచి, రాసిపెట్టండి.

ఐదో మెట్టు: ప్రారంభ కొలత

సగటున 1 మిల్లీవోల్టు ఎంఈపీ ఇచ్చే బలాన్ని వెతికి, సెషన్ చివరివరకూ ఆ అంకె మార్చకండి. పల్సుల మధ్య కనీసం 5 సెకన్ల విరామం ఉండాలి, ఆ విరామం ప్రతిసారీ కొద్దిగా మారాలి. లేకపోతే మనిషి తర్వాతి పల్స్‌ను ముందే ఊహించి, తెలియకుండానే చెయ్యి బిగిస్తాడు. ఒక్కో కొలతకు 20 నుంచి 30 పల్సులు ఇవ్వండి. వరుసగా పది ఎంఈపీలు చూస్తే ఒకటి 400 మైక్రోవోల్టులు, దాని పక్కది 2 మిల్లీవోల్టులు ఉండటం మామూలే. ఐదారు పల్సుల సగటుతో సరిపెట్టుకుంటే ఆ ఊగిసలాటనే ప్లాస్టిసిటీగా భ్రమపడతారు. ప్రతి వరుసలో మొదటి పల్స్‌కు వచ్చే స్పందన తరచూ పెద్దదిగా ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేయడం మంచిది.

ప్రారంభ కొలతను ఒక్కసారి కాదు, కొన్ని నిమిషాల తేడాతో రెండుసార్లు తీయండి. రెండూ ఒకదానికొకటి దగ్గరగా రాకపోతే ఉద్దీపన ఇవ్వకండి, మనిషి స్థిమితపడేదాకా ఆగి మళ్లీ తీయండి. సమయం పోతోందన్న తొందరలో ఈ రెండో కొలతను వదిలేయాలని ప్రతి విద్యార్థికీ అనిపిస్తుంది, నాకూ అనిపించేది. నా తొలి రోజుల్లో ఒక సెషన్‌లో నకిలీ ఉద్దీపన తర్వాత ఎంఈపీలు ఒకటిన్నర రెట్లు పెరిగాయి. ఎందుకో అర్థం కాక ముడి రికార్డులు తెరిచి ఒక్కొక్క పల్స్‌కు ముందున్న 100 మిల్లీసెకన్లను పెద్దదిగా చేసి చూశాను. మొదట్లో చదునుగా ఉన్న గీత అరగంట తర్వాత సన్నగా వణుకుతోంది. కుర్చీ చేతి ఆసరా కాస్త ఎత్తుగా ఉండటంతో ఆ వ్యక్తి చెయ్యి తెలియకుండానే బిగిసింది. ఆ కొద్దిపాటి బిగింపు చాలు. అప్పటి నుంచి ముంజేయి కింద దిండు, తెరపై ఎప్పుడూ పెద్దదిగా చేసిన నేపథ్య ఈఎంజీ లేకుండా నేను సెషన్ మొదలుపెట్టలేదు.

ఆరో మెట్టు: ఉద్దీపన, దాని తర్వాత

ఉద్దీపన సాగుతున్నంతసేపూ చెయ్యి వదులుగా ఉండాలి, మనిషి మెలకువగా ఉండాలి. ఫోన్ చూడటం, మాట్లాడటం, కునుకు తీయడం కుదరదు. పీఏఎస్‌లో శ్రద్ధ చాలా ముఖ్యం. ఉద్దీపన పొందుతున్న చేతిమీద దృష్టి ఉంటేనే ప్రభావం బాగా కనిపిస్తుంది. మణికట్టు దగ్గర తగిలే ఉద్దీపనలను మనసులో లెక్కపెట్టి చివరికి చెప్పమనండి. అది ఆ మనిషిని మేల్కొల్పి ఉంచుతుంది, శ్రద్ధ ఉందో లేదో మీకు తెలుపుతుంది.

పూర్తయిన వెంటనే, తర్వాత 5, 10, 20, 30, 60 నిమిషాలకు అదే చోట, అదే బలంతో ఎంఈపీలు తీయండి. ఈ మధ్యలో కూడా చెయ్యి వాడనివ్వకండి. నీళ్ల సీసా మూత తిప్పడం వంటి చిన్న పని కూడా కండరపు బిగింపే.

ఏడో మెట్టు: పోలిక

పోల్చడానికి నకిలీ ఉద్దీపన సెషన్ లేకపోతే మీ ఫలితానికి అర్థం లేదు, ఎందుకంటే గంటపాటు ఒక కుర్చీలో కదలకుండా కూర్చోవడం కూడా ఎంఈపీని మారుస్తుంది. నకిలీ కాయిల్ ఉంటే మేలు. టీడీసీఎస్‌లో విద్యుత్తును మొదట పెంచి, సుమారు 30 సెకన్ల తర్వాత ఆపేస్తారు. చర్మంపై చురుకు మొదట్లోనే తగులుతుంది కాబట్టి చాలామంది తేడా గుర్తించలేరు. నిజమైనదీ నకిలీదీ ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో, కనీసం వారం ఎడంతో, కొందరికి ఇది ముందు, కొందరికి అది ముందు వచ్చేలా ఇవ్వండి. రెండు సెషన్లూ రోజులో ఒకే వేళకు పెట్టండి. పీఏఎస్ ప్రభావం ఉదయంకంటే మధ్యాహ్నం బలంగా ఉన్నట్టు ఫలితాలున్నాయి, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ స్థాయితో దానికి సంబంధం కనిపించింది. ఎంఈపీలు కొలిచి లెక్కగట్టే వ్యక్తికి ఏ సెషన్ ఏదో తెలియకూడదు.

ఎనిమిదో మెట్టు: లెక్కలు

ముందుగా, పల్స్‌కు ముందు కండరం కదిలిన పల్సులను తీసేయండి. ఎంత కదిలితే తీసేయాలన్న నియమాన్ని రికార్డులు చూడకముందే నిర్ణయించుకోవాలి. ఎంఈపీ పరిమాణాలు పెద్దవైపు బాగా సాగి ఉంటాయి కాబట్టి లాగరిథమ్ తీసుకుని, ఒక్కో పల్స్‌ను విడిగా ఉంచి మిశ్రమ నమూనాతో (మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతితో) విశ్లేషిస్తే, ఒక్కొక్కరి సగటునూ ప్రారంభ కొలతతో భాగించి పోల్చడం కంటే ఎక్కువ విషయం బయటపడుతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. ఈ ప్రభావాలు అందరిలో ఒకేలా రావు. 2013లో లండన్‌లో మసాషి హమాడా, రాత్‌వెల్ తదితరులు 50 మందికి పైగా ఐటీబీఎస్, సీటీబీఎస్ ఇచ్చి చూస్తే, అందరినీ కలిపిన సగటులో ప్రభావమే కనిపించలేదు. కొందరిలో ఊహించిన దిశలో, కొందరిలో వ్యతిరేక దిశలో మార్పు వచ్చింది. టీఎంఎస్ పల్స్ ఒక్కొక్కరి కార్టెక్స్‌లో ఏ మధ్యవర్తి నాడీకణాలను పట్టుకుంటుందన్నది ఆ తేడాలో గణనీయమైన భాగాన్ని వివరించింది. కాయిల్‌ను తిప్పి, ప్రవాహం ముందు నుంచి వెనక్కి సాగేలా చేసినప్పుడు ఎంఈపీ ఎంత ఆలస్యంగా వస్తుందో చూస్తే ఇది కొంత తెలుస్తుంది. కొత్త సెషన్‌లో ఇంకో పది నిమిషాలు వెచ్చించగలిగితే ఈ కొలత కూడా తీయండి.

అందువల్ల 10, 12 మందితో అధ్యయనం మొదలుపెట్టకండి. ఎందరు కావాలో ముందే లెక్కగట్టి, ప్రణాళికను ముందస్తుగా నమోదు చేయండి. ఫలితం వచ్చాక ఒక్క సెషన్ ఆధారంగా మనుషులను స్పందించినవారు, స్పందించనివారు అని రెండు గుంపులుగా విడదీయాలన్న కోరిక కలుగుతుంది. ఆ విభజన నిజమో కాదో తెలియాలంటే అదే మనిషికి అదే ఉద్దీపన మరో రోజు ఇచ్చి, జవాబు మళ్లీ అలాగే వస్తుందా అని చూడాలి. నకిలీ సెషన్‌లో కూడా అంతే మంది పెరిగి, అంతే మంది తగ్గి ఉంటే ఆ గుంపులు ఊగిసలాట చేసిన బొమ్మలే.

చివరిగా రాతపని. యంత్రం, కాయిల్ నమూనా, తరంగ రూపం, మెదడులో ప్రవాహపు దిశ, కాయిల్ కోణం, రెండు థ్రెషోల్డ్‌లు, 1 మిల్లీవోల్టు బలం, పల్సుల సంఖ్య, తీసేసిన పల్సుల సంఖ్య, సెషన్ వేళ, ముందురాత్రి నిద్ర, ఉద్దీపన సమయంలో జరిగిన ప్రతి అవాంతరం: ఇవన్నీ సెషన్ ముగిసిన గదిలోనే, ఎలక్ట్రోడ్లు ఊడదీయకముందే రాయండి. సాయంత్రానికి కాయిల్ కోణం గుర్తుండదు.